కోటలో పడ్డ గడియ

మార్చి 3

అక్కా,

క్షేమంగా చేరాం. ఈ మాట నిన్న ఫోనులోనే చెప్పాను. నువ్వేమో "ఎక్కడ జారారు? ఎముకలేమైనా విరిగాయా?" అని కంగారు పడ్డావు. రిటైరైనా నీలోని నర్సు ఇంకా డ్యూటీలోనే ఉందని తెలిసి సంతోషించాను గానీ, ఇక ఫోను మాత్రం వద్దు. ఉత్తరమైతే నీ చెవితో పని లేదు.

అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. నెలాఖరు అన్నారట డాక్టరు. పీట మీద కాళ్ళు పెట్టుకుని, కుర్చీలోంచి కదలకుండా ఇల్లంతా ఏలుతోంది. అల్లుడు పొద్దున్నే ఆఫీసుకు పారిపోతున్నాడు. నీ మరదలు వంటింటిని స్వాధీనం చేసుకుంది. ప్రయాణం రోజు నా పనిముట్ల సంచీ బలవంతంగా ఇంట్లోనే వదిలేయించింది కదా, "తాతయ్య కాబోతున్నారు, ఈ నెలైనా పరాయివాళ్ళ తాళాల జోలికి పోకండి" అని. చేతులు ఖాళీగా ఉండి దురదపెడుతున్నాయి.

ఇక మా వియ్యంకుడు మాస్టారు. ఇదే ఇంట్లో, ఎదురు గదిలోనే ఉంటున్నారు. భోజనాల దగ్గర ఆయన కొడుకుతో, "మీ మామగారిని ఆ ఉప్పు ఇటు జరపమను" అంటారు. నేను అల్లుడితో, "మీ నాన్నగారికి ఉప్పు మంచిది కాదేమోనని చెప్పు" అంటాను. పాపం అల్లుడు తినడం మానేసి పోస్టుమాన్‌లా అటూ ఇటూ మాటలు మోస్తున్నాడు.

ఈ గొడవ గురించి నీకు నీ మరదలు చెప్పిన కథే తెలుసు. నా నోట విను. పెళ్ళి మాటలు ఖాయమైన రోజు, అమ్మాయికి తొడగాల్సిన ఉంగరం పెట్టిన తన బీరువా తాళంచెవి మాస్టారు ఎక్కడో పోగొట్టుకున్నారు. ఇల్లంతా చుట్టాలు. నేను నీ మరదలు జడలోంచి పిన్ను లాగి, రెండు తిప్పులు తిప్పి తలుపు తెరిచాను. ముందుగా దొర్లుకుంటూ వచ్చిందేమిటి? జుట్టుకు వేసుకునే రంగు సీసా! "మాస్టారు యవ్వనాన్ని ఇక్కడ దాచి తాళం వేశారన్నమాట" అన్నాను. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆయన ఆ రోజు మూసిన నోరు నా దగ్గర ఇంతవరకు విప్పలేదు. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కదా, దేన్నీ మరిచిపోరు.

ఇవాళ అమ్మాయి మా ఇద్దర్నీ పిలిచి నిలబెట్టి తీర్పు చెప్పింది. "మీరిద్దరూ నోరు విప్పి మాట్లాడుకునేదాకా ఆసుపత్రి ఛాయలకు రావద్దు. బిడ్డను ఫోటోలో చూసుకోండి." అంటూ కొండ మీది కోటకు ఎనిమిదో తారీకువి రెండు టిక్కెట్లు చేతిలో పెట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా ఇంటికి రాకూడదట.

ఆ కోట ఈ ఇంటి వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. కొండ నెత్తిన రెండు బురుజులు, మధ్యలో పళ్ళూడిన దవడలా గోడ. మాస్టారు రోజూ దాన్ని చూసి ఒక నిట్టూర్పు విడుస్తారు. నేనేమో అది నన్ను చూసి విడిచిందే అనుకుంటాను.

నీ ఉప్పందని తమ్ముడు


మార్చి 7

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం అందింది. చెవిలో పెట్టుకునే మిషను ఈలలు వేస్తోందని సొరుగులో పడేశాను. ఇప్పుడది సొరుగులో ఈలలు వేస్తోంది. పక్కింటివాళ్ళ పిల్లి నీ కొట్టు గుమ్మంలో ఈనింది. నువ్వు వచ్చేదాకా కొట్టు దానిదే.

నీ కోపానికి మందు రాసిస్తున్నాను. ఆయన్ని పూటకో ప్రశ్న అడుగు, భోజనం తర్వాత. జవాబు పూర్తయ్యేదాకా ఆవలించకు, గడియారం చూడకు, నీ దగ్గర అంతకంటే మంచి కథ ఉన్నా చెప్పకు. వారం వాడితే గుణం కనిపిస్తుంది. జోకులు వేయకు. నీ జోకులు నీకు తప్ప ఎవరికీ పడవు.

కోటలో బోర్డుల మీద "ముట్టరాదు" అని ఉంటుంది. అది నీకోసమే రాశారనుకో. తాళం కనిపిస్తే నీ చేతులు ఆగవని నాకు తెలుసు. నాలుగేళ్ళప్పుడు స్కూలు గేటు తీసి పిల్లలందర్నీ ఇంటికి పంపేసినవాడివి.

నీ మంచి కోరి తిట్టే
అక్క


మార్చి 8
(బొమ్మ కార్డు)

అక్కా,

ఇది కోటలో కొన్న కార్డు. బొమ్మలో ఎడమ బురుజు కింద చిన్న కిటికీ ఉంది చూడు, నేను ప్రస్తుతం దాని లోపల ఉన్నాను. ఇది బందిఖానా. వియ్యంకుడు కూడా నాతోనే. తప్పెవరిదో ఇంకా తేలలేదు. నా పనిముట్లుంటే ఈపాటికి బయటపడేవాణ్ణి. ఎప్పుడు వదులుతారో తెలియదు. అమ్మాయికి మాత్రం చెప్పకు, ఈ స్థితిలో ఆ పిల్ల తట్టుకోలేదు. మాస్టారు ఇప్పుడు నా మీద చెయ్యి ఎత్తి ఏదో చోటు అయిపో


మార్చి 11

చిన్నోడా,

కార్డు అందింది. కూర్చుని చదివాను, లేచి చదివాను, భూతద్దం పెట్టి ఆ కిటికీలో నీ మొహం ఉందేమో వెతికాను.

అసలేం చేశావురా? సింహాసనం ఎక్కి కూర్చున్నావా? రాజుగారి పెట్టె తెరిచావా? చెయ్యి ఎత్తాడంటే ఆ పెద్దమనిషి నిన్ను కొట్టాడా? కొడితే నువ్వు ఊరుకున్నావా? ఊరుకోవుగా! అందుకే ఇద్దర్నీ వేసి ఉంటారు.

నేను ఏడుస్తూ కూర్చునే రకం కాదని నీకు తెలుసు. ఇంటికి వెళ్ళి నీ పనిముట్లు తెచ్చాను. వాటిని బ్యాండేజీ గుడ్డలో చుట్టి, చుట్టలన్నీ ఉన్ని మేజోళ్ళలో దూర్చి, పైన దెబ్బల మందు సీసా పెట్టి పార్సిలు కట్టాను. కాపలావాడు అడిగితే "మా అక్క నర్సు" అని చెప్పు. "కొండ మీది కోట, ఎడమ బురుజు కింద బందిఖానా, అందులో ఉన్న మా తమ్ముడికి" అని చిరునామా రాశాను. ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

కోట అధికారులకు విడిగా ఒక విన్నపం పెట్టాను. ఏం రాశానో నీకూ తెలియాలి: "అయ్యా, మా తమ్ముడు చూడ్డానికి దొంగలా ఉంటాడు గానీ మంచివాడు. చిన్నప్పట్నుంచి తాళాలు తెరవడమే వాడి వృత్తి. వాడు తెరవలేని తలుపు ఇంతవరకు లేదు. దయచేసి వదిలిపెట్టండి." బాగుంది కదూ? చదివినవాళ్ళకు కళ్ళు చెమర్చాలి.

ఈ ఉత్తరం మాత్రం ఇంటి చిరునామాకే వేస్తున్నాను, నా మరదలు ఎలాగో నీకు అందజేస్తుందని. అమ్మాయికి చెప్పను, ఒట్టు.

ధైర్యంగా ఉండు. చల్లటి నేల మీద పడుకోకు.

అక్క


మార్చి 11

అక్కా,

మొన్నటి కార్డులో చోటు చాలలేదు. అంతా వివరంగా రాస్తున్నాను. నిదానంగా చదువు, నవ్వొస్తే నవ్వు.

పొద్దున్నే కొండెక్కాం. దారి మెలికలు తిరుగుతూ పోతుంది, రెండు పక్కలా పైన్ చెట్లు. మాస్టారు ముందు, నేను వెనక, మధ్యలో మౌనం. సింహద్వారం దగ్గర గైడమ్మాయి మా గుంపును అందుకుంది. "ఈ కోటను శత్రువులు ఎన్నడూ గెలవలేదు" అని ఆ పిల్ల మొదలెట్టగానే మాస్టారు, "రెండుసార్లు గెలిచారమ్మా" అన్నారు. "ఈ కందకంలో మొసళ్ళుండేవి" అంటే "నీళ్ళే ఉండేవి కాదమ్మా" అన్నారు. పాపం ఆ పిల్ల మొహం మాడిపోయింది. నీ ఉత్తరం అప్పటికింకా అందలేదు గానీ, అందినట్టే బుద్ధిగా నోరు మూసుకుని నడిచాను.

ఎడమ బురుజు కింద బందిఖానా చూపించారు. నల్లటి రాతి గది, చిన్న కిటికీ, అరచేయంత మందాన చెక్క తలుపు. గుంపు చూసి వెళ్ళిపోయింది. మాస్టారు గోడ మీది రాతను చదవడానికి ఆగారు. నేను తలుపు కీళ్ళు చూడ్డానికి ఆగాను. ముట్టుకోలేదు, నీ మీద ఒట్టు. గాలి ఒక్కటి విసిరింది. తలుపు ధడాలున పడింది. అవతల గోడకు నిలబెట్టిన అడ్డగడియ దాని కొక్కేల్లో పడ్డ చప్పుడు వినిపించింది.

అరిచాం. ఆ గోడలు అరుపులు మింగడానికే కట్టినట్టున్నారు, ఫోనుకు సిగ్నలు కూడా లేదు. నేను తలుపును భుజంతో తోశాను, కింద తడిమాను, జేబులోని పెన్సిలు ముక్కను సందులో దూర్చి విరగ్గొట్టుకున్నాను. మాస్టారు రాతి అరుగు మీద కూర్చుని అంతా చూశారు. చూసి చూసి, బీరువా గొడవ తర్వాత మొట్టమొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు.

"ఆ రోజు నా బీరువా చిటికెలో తెరిచారు. దీనికెందుకింత సేపు?"

"మీ బీరువాకు తాళం ఉందండీ. దీనికి తాళమే లేదు. లేని తాళాన్ని ఎలా తియ్యమంటారు?"

"అంటే మీ విద్యకు ఎదుటివాళ్ళు తాళం వేసి ఉంచాలన్నమాట!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఆపలేకపోయారు. చెయ్యెత్తి, నా తలకంటిన సాలెగూడు చూపిస్తూ ఇంకా నవ్వారు. నేను అప్పుడే నీకు కార్డు రాస్తున్నాను. పెన్ను ఆయనదే. నాకు మాత్రం ఒళ్ళు మండి, "జుట్టుకు రంగేసుకునే మనిషికి ఇంత నవ్వా?" అని నోరు జారాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. తలమీది టోపీ తీశారు. అక్కా, మాస్టారి తల పత్తిపువ్వులా ఉంటుంది. బీరువా తెరిచిన రోజూ అలాగే ఉంది. ఒక్క నల్ల వెంట్రుక లేదు. నేను గానీ, నవ్విన చుట్టాలు గానీ ఆ తల వంక చూడనే లేదు!

"అది నేను వేసుకునేది కాదండీ," అన్నారు. "మా ఆవిడ వేసేది. ఆదివారం పూట నన్ను పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో. మెడ మీద కారితే తనే తిట్టేది, తనే తుడిచేది. తను పోయాక మానేశాను. ఆ సీసాలో సగం మిగిలిపోయింది. పారెయ్యలేకపోయాను. అందుకని తాళం వేసుకున్నాను."

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "మాస్టారూ, ఆ గోడ మీద ఏం రాసుంది?" అని అడిగాను. ఆయన మొదలుపెట్టారు. ఆవలించలేదక్కా, నిజం. నిజంగానే వినాలనిపించింది. ఎవడో ఖైదీ వంటవాణ్ణి తిడుతూ గీకిన రాత అది.

అంతలో గడియ లేచింది. గైడమ్మాయి, వెనకాల స్కూలు పిల్లల గుంపు. బూజు పట్టిన ఇద్దరు ముసలివాళ్ళం అరుగు మీద కూర్చుని ఉంటే, మమ్మల్ని కోటవాళ్ళు పెట్టిన వేషగాళ్ళనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారికి క్లాసు కనబడితే ఆగుతారా? లేచి నిలబడి, "ఈయన దొంగ, నేను రాజద్రోహిని," అని మొదలుపెట్టి పాఠమంతా చెప్పారు. చివర్లో నాకూ చప్పట్లు పడ్డాయి. నేనేం చేశానని? దొంగలా ఉన్నాను, అంతే.

బయటికొచ్చి కార్డు డబ్బాలో వేస్తుంటే ఆయన, "పదండి బావగారూ, తోట చూపిస్తాను" అన్నారు. బావగారూ అన్నారక్కా!

నీ చప్పట్ల తమ్ముడు


మార్చి 15

ఒరేయ్,

కొంప మునిగింది. నేను పంపిన పార్సిలు దారిలో ఉంది. ఎలాగైనా ఆపు. పోస్టాఫీసుకు పరిగెత్తు. విన్నపం ఎవరూ చదవకముందే చింపేయి. "వాడు తెరవలేని తలుపు లేదు" అని నా చేత్తో నేనే రాశానురా!

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ రోజు నాకు డ్యూటీ పడి రాలేకపోయాను గనక నవ్వినవాళ్ళలో నేను లేనని మొదట సంతోషించాను. తర్వాత ఆలోచిస్తే, ఉంటే అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని.

ఆ సీసా ఇప్పుడెక్కడుంది?

అక్క


మార్చి 19

అక్కా,

ఆపలేదు. ఆలస్యమైపోయింది. పార్సిలు కోటకు చేరింది, కోట నుంచి నాకు కబురు చేరింది.

మాస్టారూ నేనూ వెళ్ళాం. కోట చూసుకునే అధికారిణి గది ఒకప్పటి గుర్రపుశాల. బల్ల మీద నా పనిముట్లన్నీ శస్త్రచికిత్సకు పరిచినట్టు బ్యాండేజీ మీద పరిచి ఉన్నాయి. పక్కన నీ విన్నపం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "మీ అక్కగారు ఏ శతాబ్దంలో ఉంటారండీ?" అని అడిగింది.

నేను మాస్టారి వెనక్కి జరిగాను. మాస్టారు ముందుకొచ్చి, "ఈయన మా బావగారు. చూడ్డానికి దొంగలా ఉంటారన్నది నిజమే, అందులో అక్కగారి తప్పేం లేదు. కానీ మీ గడియ కొక్కేనికి తాడు కట్టకపోవడం మీ తప్పు," అని మొదలెట్టి, మొసళ్ళ సంగతి కూడా కలిపి ఆవిడకు క్లాసు తీసుకున్నారు. ఆవిడ చివరిదాకా విని, "మీ విమర్శ పూర్తయితే ఒక్క మాట. తోట గేటు తాళం తుప్పుపట్టి బిగిసిపోయింది. మీ బావగారు చూస్తారా?" అంది.

చూశాను. నూనె పోసి, తట్టి, బతిమాలి తీశాను. ఇప్పుడు మేమిద్దరం రోజూ కొండెక్కుతున్నాం. నేను తలుపులు చూస్తాను, ఆయన ఆ తలుపుల వెనక ఎవరెవరు ఎందుకు దాక్కున్నారో చెబుతుంటారు. గైడమ్మాయి మా వెనకే నడుస్తూ రాసుకుంటోంది. నిన్న కుడి బురుజు తలుపు తాళంతో పొద్దంతా కుస్తీ పట్టాను. రెండు చువ్వలు వంగాయి, నా నడుమూ వంగింది. అప్పుడు మాస్టారు పక్కనున్న బోర్డు చదివారు: "ఈ తాళం అలంకారానికి మాత్రమే. తలుపు తెరిచే ఉంది." నెమ్మదిగా తోశారు. తెరుచుకుంది. ఇంటికొచ్చి ఆ ముచ్చట అందరికీ ఆయనే చెప్పారు, నా కుస్తీ నటించి చూపిస్తూ. అమ్మాయి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. అల్లుడు చాన్నాళ్ళకు కడుపునిండా అన్నం తిన్నాడు.

సీసా గురించి అడిగావు. అదే బీరువాలో, అదే అరలో ఉంది. కానీ నా పిన్ను దెబ్బకు బీరువా తాళం పాడైపోయిందట. ఇన్నాళ్ళూ తలుపును పురికొసతో కట్టుకుని ఉంచారు. పనిముట్లు చేతికొచ్చాక మొదట కూర్చున్నది దాని ముందే. కొత్త తాళం వేస్తానన్నాను. "తాళం వద్దు బావగారూ, తలుపు ఊరికే మూసుకుంటే చాలు" అన్నారు. సరిచేశాను. వేలితో నెడితే చాలు, మెత్తగా మూసుకుంటోంది.

నీ పార్సిలు పుణ్యమా అని
పనిలో పడ్డ తమ్ముడు


మార్చి 23

చిన్నోడా,

నేను ఒకటో తారీకు రైలుకు వస్తున్నాను. అప్పటిదాకా ఎవర్నీ పుట్టనివ్వకు. నా చేతుల మీద ఎంతమంది పిల్లలు పుట్టారో లెక్కలేదు, మన ఇంటి బిడ్డ నేను లేకుండా ఎలా పుడుతుంది? అమ్మాయికి గట్టిగా చెప్పు.

మీరిద్దరూ రోజూ కొండెక్కి కూర్చుంటే ఇంట్లో పిల్లను ఎవరు చూస్తారని నా మరదలు రాసింది. అవసరానికి కొండ మీంచి ఎలా దిగుతారో ఆలోచించుకున్నారా? అంత వయసొచ్చి ఇద్దరూ బడి ఎగ్గొట్టిన పిల్లల్లా తయారయ్యారు. కాస్త బాధ్యతగా ఉండండి.

ఆ అధికారిణికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఏ శతాబ్దమని అడిగినందుకు నాకేం కోపం లేదని కూడా చెప్పు.

సామాను సర్దుకుంటున్న
అక్క


మార్చి 27

అక్కా,

ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన మాట అమ్మాయికి చెప్పాను, వినలేదు. పొద్దున మేం పైన బురుజు మీద ఉండగా అల్లుడి ఫోను వచ్చింది. "నొప్పులు మొదలయ్యాయి" అన్నాడు. నేను మెట్లవైపు పరుగెత్తాను. మాస్టారి మోకాళ్ళు నిదానంగా ఎక్కడానికి ఒప్పుకున్నా పరుగుకు సహకరించవు, ఆయన్ని వదిలి నేనొక్కణ్ణే దిగాలని మనసు పీకింది. ఆయనే అన్నారు, "మీరు వెళ్ళండి. తండ్రి మీరు." వెళ్ళలేకపోయాను. తోటమాలి ఆకులు మోసే బండి ఒకటుంది, మోటారుది. ఇద్దరం ఆ ఎండుటాకుల్లో కూర్చుని కొండ దిగాం. ఒక్కో మెలిక దగ్గర ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నారు, నేను ఆయన్ని పట్టుకున్నాను. ఎవరం ఎవర్ని పడకుండా ఆపామో తెలియదు.

నెత్తిన ఆకులతో ఆసుపత్రిలోకి వచ్చాం. అమ్మాయిని అప్పటికే లోపలికి తీసుకెళ్ళారు. తలుపు వేసి ఉంది. నా జీవితంలో మూసిన తలుపు ముందు ఇంత భయపడింది లేదక్కా. మాస్టారు భయం కనపడకుండా ఉండాలని కాబోలు, పూర్వం రాణులకు కాన్పులు ఎలా జరిగేవో చెప్పడం మొదలుపెట్టారు. ఆ కథల్లో ఎవరూ బతికేలా లేరు. "ఆపండి బావగారూ!" అని అరిచాను. "నేనేమన్నా కావాలని చంపుతున్నానా?" అని ఆయనా అరిచారు. నర్సు వచ్చి ఇద్దర్నీ బయటికి గెంటింది. నీ మరదల్ని మాత్రం ఉండనిచ్చింది.

ఈ బెంచీ ముందు ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగారు, కూర్చున్నారు, మళ్ళీ తిరిగారు. "మా ఆవిడ ఉంటే లోపల ఉండేది" అన్నారు. ఇక కథలేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. పక్కన ఉన్నాను.

ఇదిగో, ఇప్పుడే ఆయన తల నా కుడి భుజం మీద వాలింది. నిద్రపోయారు. ఇక్కణ్ణించి ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నీ మరదలు వచ్చి వెళ్ళింది. ఆడపిల్లట. అమ్మాయి బాగుందట, బిడ్డ గొంతు వార్డంతా వినిపిస్తోందట. శుభ్రం చేసి, పావుగంటలో పిలుస్తారట. కళ్ళు తుడుచుకుందామంటే చేయి కదిలితే ఆయన లేస్తారు.

ఆయనకింకా తెలియదు. ఈ మనిషి కంటే ముందు నాకు తెలిసిన సంగతి ఇదొక్కటే. మామూలుగా అయితే గొప్పకోసం లేపి మరీ చెప్పేవాణ్ణి. కానీ జుట్టులో ఇంకా ఒక ఎండుటాకు ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఎంత హాయిగా నిద్రపోతున్నారో.

పావుగంట ఉందిగా. పడుకోనీ.

నీ తమ్ముడు